ఫోర్టీన్‌కూ ఫోర్టీకీ మధ్య: చెవికి ఇంగ్లీషు నేర్పే డైరీ

జూన్ 2

భీమవరం దగ్గరలోని ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఎగుమతి కాగితాలు చూడటం నా ఉద్యోగం. ఇన్‌వాయిసు, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్ వంటివన్నీ ఇంగ్లీషులోనే తయారుచేస్తాను, పదిహేడేళ్ళుగా ఇంగ్లీషులోనే మెయిళ్ళు రాస్తున్నాను. డిగ్రీ వరకూ తెలుగు మీడియంలోనే చదివినా, కాగితం మీది ఇంగ్లీషు నన్ను ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు. సాయంత్రం ఏడు గంటలకు, అంటే అమెరికా తూర్పు తీరంలో ఈ కాలంలో ఉదయం తొమ్మిదిన్నరకు, ఫోను మోగినప్పుడు మాత్రం నా గుండె దడదడలాడుతుంది.

పోయిన వారం జరిగిన సంగతే ఈ డైరీకి కారణం. అక్కడి కొనుగోలుదారు, దిగిన సరుకులో కొన్ని కార్టన్లు చిరిగిపోయాయని ఫోనులో చెప్పాడు. నేను 40 అని రాసుకొని యజమానికి చెప్పాను. కోల్డ్ స్టోరేజీ వాళ్ళనూ, లోడింగ్ మేస్త్రీనీ పిలిపించి గంటన్నర సేపు విచారణ చేశాక మెయిలు వచ్చింది. అందులో ఉన్నది 14. యజమాని కోప్పడలేదు గానీ, ‘మీకు అది ఒక్క అక్షరం తేడా కావచ్చు, నాకు ఇరవై ఆరు కార్టన్లండీ’ అన్నారు. అంతకంటే కోప్పడి ఉంటేనే బాగుండేదనిపించింది.

ముప్ఫై రోజుల్లో ఇంగ్లీషు మాట్లాడిస్తామనే కోచింగు సెంటర్లలో చేరే ఉద్దేశం నాకు లేదు. అక్కడ మళ్ళీ క్రియారూపాలు వల్లె వేయిస్తారు, అవి నాకు వచ్చు. నాకు తెలియనిది ఏమిటో ముందు కనిపెట్టాలి. రోజూ డ్యూటీకి ముందు నలభై నిమిషాలు, ఒక పొడుగు నోటుబుక్కు, ఒక ఫోను, ఇంట్లో పడివున్న పాత లాప్‌టాప్, అందులో రికార్డింగులను కోసి, మార్చి వినడానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు. ఇవే నా సామగ్రి.

జూన్ 8

మొదటి పని కొలత. ఒక అమెరికన్ రేడియో సంభాషణలో, ముద్రిత పాఠం కూడా దొరికే చోట, దాదాపు మూడు నిమిషాల ముక్కను ఎంచుకున్నాను. పది సెకన్ల చొప్పున ఆపి, ప్రతి ముక్కనూ రెండుసార్లకు మించి వినకుండా, విన్నదంతా కాగితం మీద పెట్టాను. తరువాత పాఠంతో సరిచూసుకున్నాను. మొత్తం 412 పదాలలో సరిగా రాసినవి 251. తప్పిపోయినవి 161.

ఈ 161ని అలాగే వదిలేసి ఉంటే ‘నూటికి అరవై మార్కులు’ అనుకొని నిట్టూర్చేవాడిని. కానీ ఒక్కొక్క పదం పక్కన అది ఎందుకు తప్పిందో రాయడానికి ఆ ఆదివారమంతా పట్టింది, ఆ శ్రమే అసలు పని అయింది. నాకు అర్థమే తెలియని పదాలు 19. ముందు వాక్యం ఇంకా రాస్తూ ఉండటం వల్ల జారిపోయినవి 24. మిగిలిన 118 పదాలూ కాగితం మీద చూస్తే నిద్రలో కూడా గుర్తుపట్టగలిగినవే, చెవికి మాత్రం అందనివి. అందులోనూ ఎక్కువ భాగం ‘ఆఫ్’, ‘టు’, ‘హావ్’, ‘దెమ్’, ‘వర్’ లాంటి చిల్లర మాటలు.

వాళ్ళు వేగంగా మాట్లాడటం వల్లా, నాకు పదాలు చాలకపోవడం వల్లా అర్థం కావడం లేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. లెక్క మాత్రం వేరే మాట చెబుతోంది. నాకు తెలిసిన ఇంగ్లీషు అంతా కంటితో నేర్చుకున్నది. ప్రతి పదానికీ తెలుగు లిపిలో ఒక ధ్వనిని నేనే కేటాయించుకొని, ఆ ధ్వని ఎప్పుడు వస్తుందా అని కాచుకొని కూర్చుంటున్నాను. అది ఎన్నటికీ రాదు.

జూన్ 15

నోటుబుక్కులో ప్రతి పేజీనీ నిలువుగా రెండు చేశాను. ఎడమవైపున చెవికి ఏది వినబడిందో అది తెలుగు అక్షరాలలో, కుడివైపున అది నిజానికి ఏ మాటో. ఉన్నది ఉన్నట్టు ధ్వనిని పట్టుకోవడానికి మన లిపిని మించినది నాకు దొరకదు. ఒకే ఒక్క లోటు ఉంది. ఇంగ్లీషులో ఒత్తి పలకని అచ్చులు చాలావరకు అరిగిపోయి, అకారమూ ఎకారమూ కాని ఒక నలిగిన ధ్వనిగా మారుతాయి. దానికి మనకు అక్షరం లేదు కాబట్టి ఆ చోట హల్లు నెత్తిన ఒక చుక్క పెట్టుకుంటున్నాను.

ఎడమవైపు ‘పికిటప్’ అని ఉంటే కుడివైపు ‘పిక్ ఇట్ అప్’. ఎడమవైపు ‘వుడవ్బిన్’ అని ఉంటే కుడివైపు ‘వుడ్ హావ్ బీన్’. అలా నాలుగు పేజీలు నిండాక, ఇది నాకు ఎక్కడో తెలిసిన వ్యవహారమే అనిపించింది. హైస్కూల్లో మా తెలుగు మాస్టారు నేర్పిన సంధులు ఇవి. రాముడు, అతడు అని విడివిడిగా రాసి, రాముడతడు అని పలికే మనకు, ముందు మాట చివరి హల్లు తరువాతి మాట మొదటి అచ్చును పట్టుకోవడం వింత కాకూడదు. అంతకంటే ఆశ్చర్యం కలిగించినది గసడదవాదేశం. నీవు, టక్కరి కలిస్తే ‘నీవు డక్కరి’ అవుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాడిని, రెండు అచ్చుల మధ్య ‘ట’ను అమెరికా వాళ్ళు ‘డ’గా పలికి ‘వాటర్’ను ‘వాడర్’ అంటుంటే నోరు వెళ్ళబెట్టాను. రెండింటి నియమాలూ ఒకటి కావని నాకు తెలుసు. కానీ పరుషం మెత్తబడటం భాషకు సహజమేనన్న ధైర్యం ఉంటే, అది ఎక్కడ మెత్తబడుతుందో చెవి వెతుక్కోవడం మొదలుపెడుతుంది.

మా నోరు మాత్రం ఏమి తక్కువ తిన్నదా? రాజమహేంద్రవరాన్ని రాజమండ్రి చేసినది మేమే. ‘చేస్తున్నాను’ అని రాసి ‘చేస్తన్నా’ అనేదీ మేమే.

జూన్ 29

రెండు వారాలు దారి తప్పాను, అది కూడా రాసి ఉంచాలి. వాయిస్ ఆఫ్ అమెరికా 1959లో ‘స్పెషల్ ఇంగ్లీష్’ పేరుతో, దాదాపు 1500 పదాల పరిధిలో, నెమ్మదిగా చదివే వార్తలను మొదలుపెట్టింది. తరువాత దాని పేరు లెర్నింగ్ ఇంగ్లీష్‌గా మారింది. పాత రికార్డింగులు పెట్టుకొని వింటే దాదాపు ప్రతి పదమూ వినబడింది, ఉప్పొంగిపోయాను. అదే సాయంత్రం వచ్చిన ఫోనులో సగం పోయింది.

కారణం తరువాత తట్టింది. నెమ్మదిగా చదివేటప్పుడు మాటలు ఒకదానిలో ఒకటి కరగవు, ఏ పదానికి ఆ పదం విడిగా నిలబడుతుంది. నా జబ్బేమో ఆ కరిగిన చోటనే ఉంది. అక్షరాలు కొత్తగా నేర్చుకునేవారికి అది మేలైన మెట్టు, నాకు మాత్రం తీపి మాత్ర. మామూలు వేగపు సంభాషణను ఆడాసిటీలో శ్రుతి మారకుండా టెంపో, అంటే వేగం, మాత్రం నాలుగోవంతు తగ్గించి వినడం దీనికంటే నయం. సంధులు అలాగే ఉంటాయి, వాటిని చూడటానికి కొంచెం తీరిక దొరుకుతుంది. సగానికి తగ్గిస్తే మాత్రం గొంతు నూతిలోంచి వచ్చినట్టు అవుతుంది, దేనికీ పనికిరాదు.

తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వేసుకొని సినిమాలు చూడటం కూడా ఈ వారంతో మానేశాను. కన్ను చదువుతుంటే చెవి సెలవు పెడుతోంది.

జూలై 6

ఈ వారం మొత్తం అంకెలకే ఇచ్చాను, ఎందుకంటే నా ఉద్యోగం నిలబడేదీ పడిపోయేదీ వాటి మీదనే. రొయ్య సైజును చెరువు గట్టున కిలోకు ఎన్ని తూగుతాయో దానిని బట్టి ‘30 కౌంట్’, ‘50 కౌంట్’ అంటాం. అమెరికా వాళ్ళు పౌనుకు లెక్కపెట్టి 16/20, 21/25, 26/30, 31/40 అని జంటలుగా చెబుతారు. కాగితం మీద ఇది పిల్లల లెక్క. ఫోనులో ‘ట్వెనీవన్ ట్వెనీఫైవ్స్’ అని గబుక్కున వచ్చేసరికి, ‘ట్వెంటీ’లోని రెండో ‘ట’ ఏ గాలికి పోయిందో తెలియక ఇన్నేళ్ళూ తడబడ్డాను.

ఇక పద్నాలుగు, నలభై. ఇంగ్లీషు పుస్తకాలలో మాటలో ఏ భాగాన్ని ఒత్తి పలుకుతారో చూసి గుర్తుపట్టమంటారు. ఆ మాట నిజమే గానీ, వాక్యం మధ్యలో ఒత్తు అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది, దాని మీద ఆనుకుంటే పడిపోతాం. ఇరవై నిమిషాల రికార్డింగులలోంచి అంకెలున్న ముక్కలను మాత్రం కత్తిరించి, వరసగా అతికించి వింటే మరో ఆనవాలు దొరికింది. అమెరికన్ నోటిలో నలభై ‘ఫోర్డీ’, పద్నాలుగు ‘ఫోర్‌టీన్’. మొదటిదానిలో ‘ట’ మెత్తబడుతుంది. రెండోదానిలో గట్టిగా, వెనుక కాస్త ఊపిరితో సహా వినబడుతుంది. ముప్ఫైకీ పదమూడుకీ, ఎనభైకీ పద్దెనిమిదికీ ఇదే తేడా. అంటే చివరనున్న ‘న్’ కోసం చెవి కోసుకోనక్కరలేదు, నడుమనున్న ‘ట’ను పట్టుకుంటే చాలు.

అయితే ‘ఫిఫ్టీ’, ‘సిక్స్‌టీ’లలో ఈ ఉపాయం పారదు. ‘ట’ ముందు ‘ఫ్’, ‘స్’ ఉన్నందువల్ల అది మెత్తబడే అవకాశమే లేదు. ఆ రెండింటికీ సిగ్గుపడకుండా అడగడమొక్కటే మార్గం. ‘వన్ ఫైవ్ ఆర్ ఫైవ్ జీరో?’ అన్న ప్రశ్నను అద్దం ముందు ముప్ఫైసార్లు అన్నాను. అవతలివాడికి చిరాకు వస్తుందని ఇన్నాళ్ళూ భయపడ్డాను. గురువారం ఫోనులో నిజంగా అడిగితే, ఆయన చిరాకు పడకపోగా మిగిలిన అంకెలన్నీ తనంతట తానే విడదీసి చెప్పాడు.

జూలై 20

ఏమీ చేయలేదు. చెరువుల్లో రొయ్యల పట్టుబడుల రద్దీ, రాత్రి పదకొండుకు ముందు ఇంటికి వచ్చిన రోజు లేదు.

ఆగస్టు 3

ఇంట్లో స్పీకరు మీద విన్నప్పుడు అందిన మాటలు, అదే మనిషి ఫోనులో చెబితే అందకపోవడం నన్ను చాలా రోజులుగా వేధిస్తోంది. మా ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి ఫిజిక్సు కూడా చదువుకుంది. ఆమె ఒక్క మాటతో తేల్చేసింది. ‘సార్, పాత టెలిఫోను లైను 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల వరకే మోస్తుందండి. “స్” శబ్దంలో బలమంతా దానికి పైన ఉంటుంది. మీ చెవిలో లోపం లేదు, అసలు అక్కడిదాకా రావడం లేదు.’

పదిహేడేళ్ళ అవమానంలో కొంత భాగం ఆ సాయంత్రం నా నెత్తి మీది నుంచి దిగిపోయింది. ఇప్పుడు ఆడాసిటీలో నా పాఠాలన్నింటికీ 300కు దిగువా 3400కు ఎగువా కోసివేసే ఫిల్టరు పెట్టి, కావాలనే ఫోను గొంతుగా మార్చుకొని వింటున్నాను. మొదటి రోజున ‘ఎఫ్’కూ ‘ఎస్’కూ తేడా పూర్తిగా పోయింది. ‘సిక్స్’ అన్నాడా ‘ఫిక్స్’ అన్నాడా అన్నది చుట్టుపక్కల మాటలను బట్టి తేల్చుకోవలసిందే.

దీనికి ఒక ప్రయోజనం వెంటనే దొరికింది. కంటైనరు నంబరులో నాలుగు అక్షరాలూ ఏడు అంకెలూ ఉంటాయి. అక్షరాలను ఫోనులో ‘ఎస్ ఫర్ సన్’ అని ఎవరికి తోచినట్టు వారు చెప్పుకుంటూ ఉంటారు. నేను 1956 నుంచి విమానాల వాళ్ళు వాడుతున్న వర్ణమాలను, ఆల్ఫా, బ్రావో, చార్లీ మొదలుకొని జూలూ వరకూ, స్నానాల గదిలో శ్లోకంలాగా చదివి కంఠతా పట్టాను. ‘ఫాక్స్‌ట్రాట్’కూ ‘సియెరా’కూ పొరపాటు పడమన్నా పడలేం. కంటైనరు నంబరులోని చివరి అంకె కూడా ఉత్తిది కాదు. ముందున్న పది స్థానాలనూ (అక్షరాలకూ ఒక్కో సంఖ్య ఉంటుంది) ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని రెట్టింపవుతూ పోయే తూకాలతో గుణించి, మొత్తాన్ని పదకొండుతో భాగిస్తే వచ్చే శేషమది. శేషం పది అయితే సున్నా వేస్తారు. దానికి ఎక్సెల్‌లో ఒక చిన్న పట్టిక చేసుకున్నాను. ఫోనులో విన్న నంబరు తప్పైతే దాదాపు ఎప్పుడూ ఆ పట్టికే పట్టి ఇస్తుంది. ఇది భాష నేర్చుకోవడం కాదని ఎవరైనా అనవచ్చు. చెవి మీద ఎంత బరువు వేయాలో, ఎంత బరువు దించాలో తెలియడం కూడా ఇందులో భాగమేనని నా అభిప్రాయం.

ఆగస్టు 17

వినడం కాస్త కుదుటపడ్డాక నోటి సంగతికి వచ్చాను. మంగళవారం ఫోనులో, ఆఖరి లాటు అంతా ఒలిచేశామని చెప్పడానికి ‘ద లాస్ట్ లాట్ ఈజ్ ఆల్ పీల్డ్’ అన్నాను. అవతలివాడు ఒక్క క్షణం ఆగి, ఇన్‌వాయిసు ఇంకా తనకు అందలేదన్నాడు. నేను మళ్ళీ ‘పీల్డ్, పీల్డ్’ అన్నాను. ఆయన మళ్ళీ ఇన్‌వాయిసు అన్నాడు. నేను ‘పీల్డ్’ అంటుంటే ఆయనకు ‘బిల్డ్’, అంటే బిల్లు వేసేశామని, వినబడుతోందని ఫోను పెట్టేశాక గానీ తెలియలేదు.

ఇంటికి వచ్చి మా అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకొని, దినపత్రిక అంచు నుంచి వేలెడు వెడల్పు కాగితం చింపి పెదవుల ముందు వేలాడదీసి ‘పీల్డ్’ అన్నాను. కాగితం కదలలేదు. రికార్డింగులోని అమెరికన్ పలికినట్టు, ‘ప’ వెనుక ఊపిరిని విసిరి అంటే కాగితం ఎగిరింది. ఇంగ్లీషులో మాట మొదట వచ్చే ‘ప’, ‘ట’, ‘క’ల వెంట ఊపిరి ఉంటుంది, ‘బ’, ‘డ’, ‘గ’ల వెంట ఉండదు. వాళ్ళ చెవి ఆ ఊపిరిని బట్టే రెండింటినీ వేరు చేస్తుంది. మన ‘ప’లో ఊపిరి లేదు కాబట్టి దానిని ‘బ’ ఖాతాలో వేసుకుంటారు. మనకు ఒత్తు ‘ఫ’ అక్షరం ఉన్నదే గానీ, దాన్ని మనం ఏనాడో ‘ఫ్యాను’కు ఇచ్చేశాం.

‘నాన్నా, అది ఇంగ్లీషు కాదు, దీపం ఆర్పుతున్నట్టుంది’ అని మా అమ్మాయి నవ్వింది. నిజమే, మొదట్లో మరీ ఎక్కువగా ఊదాను. నాలుగు రోజులకు కాగితం అదిరితే చాలన్న మోతాదు కుదిరింది. ‘పౌండ్’, ‘ప్యాలెట్’, ‘టెంపరేచర్’, ‘కార్టన్’, నా పనికి కావలసినవి ఇవే కాబట్టి ఇవే సాధన చేశాను.

ఇదే వారంలో ఇంకొకటి బయటపడింది, దీనితో పోలిస్తే ‘పీల్డ్’ చిన్నది. శుక్రవారానికి సరుకు పంపగలమని చెప్పాలనుకొని ‘వి క్యాన్ షిప్ ఇట్ ఫ్రైడే’ అని, ‘క్యాన్’ను నిండుగా, మర్యాదగా పలుకుతూ వచ్చాను. అమెరికా వాళ్ళు పంపగలమన్నప్పుడు ఆ మాటను మింగేసి ‘వి క్‌న్ షిప్’ అంటారు. పంపలేమన్నప్పుడే అచ్చును నిండుగా పలుకుతారు, చివరి ‘ట్’ బయటకు రాకుండానే ఆగిపోతుంది. అంటే స్పష్టంగా పలకాలన్న శ్రద్ధతో నేను ఇన్నేళ్ళూ పంపలేమని చెబుతూ వచ్చానేమో! కొన్ని పాత ఫోను సంభాషణలు గుర్తుకు వచ్చి ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఇప్పుడు గుర్తు సులువుగా పెట్టుకున్నాను. ‘వచ్చాడు’ అనేటప్పుడు మన నోట్లో పలికే, ‘చా’ కాని ‘చే’ కాని ఆ అచ్చు నిండుగా వినబడితే కాదని అర్థం, వినబడకపోతే ఔనని అర్థం. నేను చెప్పేటప్పుడు మాత్రం సందేహానికి తావు లేకుండా ‘వి విల్’ అనో, ‘వి ఆర్ నాట్ ఏబుల్ టు’ అనో చెబుతున్నాను.

ఆగస్టు 24

‘వెయిట్’కు పెదవులు గుండ్రంగా చుట్టాలి, ‘వెసెల్’కు పై పళ్ళు కింది పెదవిని తాకాలి. మన ‘వ’ ఈ రెండింటికీ నడుమ ఎక్కడో ఉంది. ‘వి విల్ వెరిఫై ద వెయిట్ బిఫోర్ ద వెసెల్ లీవ్స్’ అన్న వాక్యాన్ని రోజుకు ఇరవై సార్లు, రికార్డింగు వెనుకనే నీడలాగా వెంటాడుతూ పలుకుతున్నాను. ఇలా ఒక అరసెకను వెనుకగా అనుకరించడాన్ని షాడోయింగ్ అంటారు. స్కూటరు మీద వెళుతూ దీన్ని ఒకే ఒక్కసారి ప్రయత్నించాను, ఉండి ఊరికి వెళ్ళే రోడ్డులో ఒక ఆవు అడ్డం వచ్చాక మళ్ళీ ఆ ఆలోచన చేయలేదు.

సెప్టెంబరు 7

పద్నాలుగు వారాలు నిండాయి. జూన్‌లో విన్న ముక్కనే మళ్ళీ పరీక్షకు తీసుకుంటే మోసం అవుతుంది, అది నాకు ఇప్పుడు నోటికి వచ్చు. అదే కార్యక్రమంలోంచి ఇంతకుముందు వినని భాగాన్ని తీసుకొని, అవే నిబంధనలతో రాశాను. 398 పదాలలో 318 సరైనవి. తప్పిన 80లో, తెలియని పదాలు 21, రాస్తూ ఉండగా జారిపోయినవి 21, తెలిసీ చెవికి అందనివి 38.

తెలియని పదాల లెక్క దాదాపు అలాగే ఉంది, వాటి కోసం నేను ఏమీ చేయలేదు. 118 ఉన్నది 38కి దిగింది, నేను పని చేసినదల్లా దాని మీదనే. ఈ రెండు ముక్కలూ సమానమైన కష్టం కలవని నేను ప్రమాణం చేయలేను గానీ, ఫోను మోగితే లేచి నిలబడే అలవాటు పోయిందన్నది మాత్రం పక్కసీటు వాళ్ళు గమనించిన సంగతి.

సెప్టెంబరు 10

ఇంగ్లండు నుంచి ఒక కొత్త కొనుగోలుదారు మొదటిసారి ఫోను చేశాడు. పీల్డ్ సరుకు ఎన్ని కార్టన్లు కావాలో చెప్పాడు. మధ్యలో ‘ట’ గట్టిగానే వినబడింది. నా జూలై నియమం ప్రకారం 14 అని రాయబోయి, ఎందుకో చెయ్యి ఆగింది. ఆయన ‘ర’ను పలకడం లేదు, ‘ట’ను మెత్తబరచడమూ లేదు. అది ‘ఫోటీ’ కావచ్చు, ‘ఫోటీన్’ కావచ్చు. సాధన చేసిన ప్రశ్నే వేశాను: ‘వన్ ఫోర్ ఆర్ ఫోర్ జీరో?’

‘ఫోర్, నాట్’ అన్నాడాయన.

నాలుగు కాదంటున్నాడా అని నేను పెన్ను పట్టుకొని నిలబడిపోయాను. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే జవాబు, ఈసారి ఇంకా ఓపికగా. చివరకు మెయిలులో పెట్టమని అభ్యర్థించి ఫోను పెట్టేశాను. ఆ దేశంలో సున్నాను ‘నాట్’ అని కూడా అంటారని ల్యాబ్ అమ్మాయి చెప్పింది. మెయిలులో 40 అని ఉంది. దారిలో కొత్త నోటుబుక్కు కొన్నాను. మొదటి పేజీని నిలువుగా రెండు చేసి, ఎడమవైపు ‘ఫోర్, నాట్’ అని, కుడివైపు 40 అని రాశాను.